తీసివేసి ఇచ్చినవాడు

పారశీక మహాకవి ఫిరదౌసి తెలుగువాళ్లకు జాషువా చేతుల మీదుగా వచ్చాడు. 1932లో వెలువడిన ఆ కావ్యం చదివినవాళ్లకు కథ వేరే చెప్పనక్కర్లేదు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానని గజనీ సుల్తాను మహమూద్ మాట ఇస్తాడు. కవి దశాబ్దాలు ధారపోసి షానామా పూర్తిచేస్తాడు. తీరా బంగారానికి బదులు వెండి వస్తుంది. అవమానంతో రగిలిన కవి సుల్తానును నిందిస్తూ పద్యాలు రాసి ఊరు విడిచిపోతాడు. సుల్తాను మనసు మారి పంపిన సొమ్ము ఒక ద్వారం గుండా ఊళ్లోకి వస్తూ ఉంటే, కవి శవం మరో ద్వారం గుండా బయటికి పోతూ ఉంటుంది. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లుగా ఆసియా అంతటా చెప్పుకున్న కథ ఇది. జాషువా కావ్యం ఇక్కడ అచ్చయ్యే నాటికే లాహోర్‌లో ఒక అధ్యాపకుడు ఈ కథను కుట్టు కుట్టుగా విప్పి, ఏ ముక్క ఎప్పుడు అతికిందో దాదాపు పదేళ్లుగా లెక్క తీస్తున్నాడు. ఆయన పేరు హాఫిజ్ మహమూద్ ఖాన్ షీరానీ. ఫారసీ, ఉర్దూ పరిశోధనకు మన దేశంలో పునాది వేసినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు. ఆయన జీవితమంతా చేసిన పని ఒక రకంగా తీసివేతే. ఈ పద్యాలు ఫిరదౌసివి కావు, ఈ పుస్తకం ఖుస్రోది కాదు, ఈ కావ్యం చంద్‌బర్దాయి కాలంది కాదు అని చెబుతూ పోయాడు. అందుకే ఆయన్ని కూలగొట్టేవాడిగా చూసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ ఆయన తీసివేసిన ప్రతి చోటా ఆ కవి మనకు ఇంకొంత దక్కాడనీ, ఆ తీసివేతల్లో ఉన్నది సాహిత్యం మీద ప్రేమేననీ నేను నమ్ముతాను. అలా నమ్మడానికి ఆధారాలు ఆయన పనిలోనే ఉన్నాయి.

షీరానీ 1880 అక్టోబరు 5న రాజపుటానాలోని టోంక్ సంస్థానంలో పుట్టాడు. చిన్నతనంలోనే ఖురాన్ కంఠస్థం చేశాడు కనుక పేరు ముందు హాఫిజ్ చేరింది. లాహోర్ ఓరియంటల్ కాలేజీలో మున్షీ ఫాజిల్ దాకా చదివి, 1904లో బారిస్టరు చదువుకు లండన్ వెళ్లాడు. తండ్రి చనిపోవడంతో ఇంటి నుంచి డబ్బు ఆగి, చదువు మధ్యలో నిలిచిపోయింది. అప్పుడు ఆయనకు ఆసరా అయింది బ్రిటిష్ మ్యూజియం దగ్గర ప్రాచ్య గ్రంథాలు అమ్మే లూజాక్ అనే పుస్తక వ్యాపార సంస్థ. నా దృష్టిలో షీరానీ అసలు విశ్వవిద్యాలయం అదే. తరగతి గదిలో రాతప్రతి పాఠ్యం మాత్రమే. కొట్లో అది సరుకు కూడా. దానికి వెల కట్టాలి, కట్టేవాడు మోసపోకూడదు. కాగితం ఏ కాలందో, దస్తూరీ ఏ శతాబ్దానిదో, చివరి పేజీలో లేఖకుడు వేసిన తేదీ నిజమో తర్వాత దిద్దిందో, ముద్ర ఎవరిదో తేల్చుకోవాలి. నాణేల పరీక్షలో కూడా ఆయనకు గట్టి పట్టు వచ్చింది. పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ వైద్యుడు హెన్రీ స్టబ్, ముహమ్మద్ ప్రవక్త గురించీ ఇస్లాం గురించీ సానుభూతితో రాసిన గ్రంథం రెండు శతాబ్దాలకు పైగా రాతప్రతుల్లోనే ఉండిపోతే, దాన్ని 1911లో లండన్‌లో మొదటిసారి అచ్చుకెక్కించింది ఈయనే. కొన్నేళ్లకు స్వదేశం తిరిగివచ్చి, నలభై ఏళ్లు దాటాక 1921లో లాహోర్ ఇస్లామియా కాలేజీలో అధ్యాపకుడయ్యాడు. 1928 నుంచి 1940 దాకా తాను చదివిన ఓరియంటల్ కాలేజీలోనే పాఠం చెప్పాడు. పెద్ద డిగ్రీలేవీ లేవు. ఉన్నదల్లా వేల పుటలు తిరగేసిన వేళ్లూ, అనుమానం వస్తే వదలని బుద్ధీ.

ఆయన మొదట పట్టుకున్నది సామాన్యుణ్ణి కాదు. షిబ్లీ నూమానీ అప్పటికి భారతీయ ముస్లిం పండితుల్లో శిఖరం. అలీగఢ్‌లో బోధించి, 1901 నుంచి 1905 వరకు హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వపు గ్రంథ ప్రచురణ శాఖ నడిపి, ఆ తర్వాత ఫారసీ కవిత్వ చరిత్రను ‘షేరుల్ అజమ్’ పేరుతో ఐదు సంపుటాల్లో రాశాడు. 1908లో మొదటి సంపుటం వచ్చింది. 1914లో షిబ్లీ మరణించాక చివరిది వెలువడింది. కవిత్వాన్ని ఎలా ఆస్వాదించాలో చెప్పడంలో ఆ గ్రంథానికి సాటి లేదు. కేంబ్రిడ్జి పండితుడు ఇ.జి. బ్రౌన్ మెచ్చుకున్నాడు. ఇరాన్‌వాళ్లు తమ భాషలోకి అనువదించుకున్నారు. అటువంటి పుస్తకం మీద షీరానీ 1920ల తొలి ఏళ్ల నుంచి వరుసగా విమర్శ రాశాడు. అది అచ్చయింది అంజుమన్ తరక్కీ ఉర్దూ వారి ‘ఉర్దూ’ త్రైమాసికంలో. అప్పుడా పత్రిక నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ నుంచి వెలువడేది. షిబ్లీ చెప్పిన కవుల జీవిత విశేషాలు ఎక్కువగా తజ్కిరాల నుంచి వచ్చాయి. తజ్కిరా అంటే కవుల పరిచయాల సంకలనం, మన చాటుపద్య గాథల్లాంటి కథలు వాటిలో కొల్లలు. ఒకడు రాసిన కథను రెండోవాడు ఎక్కించుకుంటాడు, మూడోవాడు ఇంకాస్త అల్లుతాడు. నాలుగు పుస్తకాల్లో ఉంది కదా అని మనం నాలుగు సాక్ష్యాలనుకుంటాం. నిజానికి అది ఒక్క సాక్ష్యం, అదీ చూసినవాడిది కాదు. షీరానీ విమర్శకు కేంద్రం ఇదే.

ఫిరదౌసి చేసినట్టు చెప్పే సుల్తాను నింద సంగతి చూడండి. ఆ వృత్తాంతాన్ని చెప్పిన తొలి గ్రంథాల్లో ముఖ్యమైనది నిజామీ అరూజీ రాసిన ‘చహార్ మకాలా’. అది పన్నెండో శతాబ్దం నడిమి రచన, అంటే కవి పోయిన నూట ముప్ఫై ఏళ్ల నాటిది. అరూజీ చెప్పినదాని ప్రకారం కవి రాసిన నిందా పద్యాలు నూరు. తబరిస్తాన్ పాలకుడు ఒక్కో పద్యాన్ని వెయ్యి దిర్హమ్‌ల చొప్పున కొని కడిగించేశాడు. మిగిలినవి ఆరు. ఇంత తేటగా ఆరే మిగిలాయని తొలి సాక్షి చెబుతుంటే, తర్వాతి కాలపు షానామా రాతప్రతుల్లో ఆ నింద ముప్ఫై పద్యాలై, మరికొన్నింటిలో నూరు దాటింది. కడిగేసిన పద్యాలు కాలం గడిచేకొద్దీ మళ్లీ ఎలా మొలిచాయి? షీరానీ ఆ పద్యాలను ఒక్కొక్కటే తీసుకుని షానామాలో వెతికాడు. చాలా పద్యాలు అక్కడే దొరికాయి. ఒక రాజు మరో రాజును తిట్టే చోట, ఒక వీరుడు శత్రువు పుట్టుకను ఎత్తిపొడిచే చోట ఉన్న పద్యాలను ఎవరో ఏరుకొచ్చి, మహమూద్ పేరు కలిపి, మధ్యలో అతుకులు వేశారు. ఫిరదౌసి పద్యాలతోనే ఫిరదౌసి పేర ఒక కొత్త రచన తయారైంది. తొలిసారి తెలిసినప్పుడు ఎవరికైనా కాస్త బాధ కలుగుతుంది, అంత గొప్ప కోపం కల్పితమా అని. కానీ ఆ కోపం పోతే మిగిలేదేమిటి? డబ్బు లెక్క తేలనందుకు పోషకుణ్ణి బజారుకీడ్చిన మనిషి పోయి, యాభై వేల ద్విపదల దాకా సాగిన పనిని 1010 నాటికి ముగించి, దాని విలువ తెలిసి నిలబడ్డ కవి మిగులుతాడు.

ఇంతకన్నా పెద్ద తీసివేత మరొకటుంది. ‘యూసుఫ్-జులేఖా’ అనే ఒక కావ్యాన్ని శతాబ్దాలుగా ఫిరదౌసిదే అన్నారు. షానామా ఛందస్సే దానిదీ. గజనీ నుంచి పారిపోయిన కవి ముసలితనంలో బాగ్దాద్ చేరి దీన్ని రాశాడని కథ. ఆక్స్‌ఫర్డ్‌లో 1908లో దాన్ని పరిష్కరించిన హెర్మన్ ఎథే, షానామా మీద ఆ కాలంలో అందరూ ప్రమాణంగా తీసుకున్న నోల్డెకే, ఇద్దరూ అది ఫిరదౌసిదేనని నమ్మారు. అయితే ఆ కావ్యం పీఠికలో ఏముందో చూడాలి. పాత రాజుల కథలూ వీరుల యుద్ధాలూ రాసి జీవితం వృథా చేసుకున్నాననీ, అవన్నీ అబద్ధాలనీ, ఇక దైవసమ్మతమైన కథ చెబుతాననీ ఆ కవి పశ్చాత్తాపపడతాడు. అది ఫిరదౌసి మాటే అయితే, తన జీవితకాలపు పనిని తానే కాదనుకున్నట్టు. ఇరాన్ జ్ఞాపకాన్ని నిలబెట్టినవాడు చివరికి ఆ జ్ఞాపకాన్ని చెత్త అన్నట్టు. షీరానీ దీన్ని ఒప్పుకోలేదు. మనసు ఒప్పలేదని కాదు, భాష ఒప్పలేదని. షానామాలో కవి మళ్లీ మళ్లీ వాడే పదాలు ఇందులో లేవు. ఇందులోని పలుకుబడులు షానామాలో లేవు. వాక్యాన్ని కూర్చే అలవాటే వేరు. 1920లలోనే ఆయన ఈ నిర్ణయానికొచ్చి ఉర్దూలో ప్రచురించాడు. ఇరాన్‌లో అబ్దుల్ అజీమ్ ఖరీబ్, ముజ్తబా మీనోవీ ఇదే నిర్ణయానికి రావడం ఆ తర్వాతి సంగతి.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. శైలి చూసి కర్తను తేల్చడం ఎంతవరకు నమ్మదగింది? ముప్ఫై ఏళ్ల వాడు రాసింది ఎనభై ఏళ్ల వాడు రాయడు. యూసుఫ్ కథ ఖురాన్ నుంచి వచ్చింది, అందులో అరబ్బీ మాటలు ఎక్కువుంటే వింతేముంది? షానామా ఇరాన్ ప్రాచీన రాజుల కథ, అక్కడ అచ్చ ఫారసీ పలకడం సహజం. ఈ ప్రశ్నకు నేను చూడగలిగిన జవాబు రెండు మెట్లది. మొదటిది, షీరానీ వస్తువును బట్టి మారే పెద్ద పదాల మీదే ఆధారపడలేదు. ఏ కథ చెప్పినా మనిషి నోట అప్రయత్నంగా వచ్చే చిన్న మాటలనూ, క్రియారూపాలనూ, జాతీయాలనూ కూడా పోల్చాడు. కవి పదసంపద ఎంచుకుంటాడు, అలవాట్లను ఎంచుకోడు. రెండోది, శైలి సాక్ష్యం ఒంటరిగా ఉన్నంతకాలం సందేహం సందేహమే. బయటి సాక్ష్యం వచ్చి దానితో కలిస్తే సంగతి మారుతుంది. ఆ కావ్యం అల్ప్ అర్స్లాన్ కొడుకు తుగాన్‌షాకు అంకితమైనదని తర్వాత మీనోవీ చూపాడు. తుగాన్‌షా పదకొండో శతాబ్దపు రెండో సగంలో పాలించినవాడు. ఫిరదౌసి 1020 ప్రాంతంలోనే పోయాడు. పోయినవాడు అర్ధ శతాబ్దం తర్వాతి పాలకుడికి కావ్యం అంకితమివ్వలేడు కదా! మాటల అమరికను మాత్రమే నమ్ముకుని షీరానీ చేరిన చోటికే, వేరే దారిలో వచ్చినవాళ్లూ చేరారు. పరిశోధనలో ఇంతకన్నా గట్టి రుజువు అరుదు.

మరి జాషువా కావ్యం అబద్ధమైపోయిందా? షిబ్లీ పుస్తకం పనికిరాకుండా పోయిందా? ఈ రెండు ప్రశ్నలూ కలిపే చూడాలి. జాషువా గజనీ దర్బారు చరిత్ర రాయలేదు. మాట తప్పిన ప్రభువు ముందు అవమానపడ్డ కవి వేదన రాశాడు. ప్రతిభ ఉండీ కులం పేర పంక్తి బయట నిలబడవలసి వచ్చిన కవి ఆ కథను ఎంచుకోవడంలోనే సత్యముంది. ఆ కోపం జాషువాదిగా నూటికి నూరుపాళ్లు నిజం. దానికి గజనీ రికార్డుల ధ్రువీకరణ అక్కర్లేదు. చరిత్రకారుడికి ఆ వెసులుబాటు లేదు. షిబ్లీ కావ్యం కాదు, చరిత్ర రాశాడు. ఇరాన్ పాఠకులు సైతం ఆధారంగా తీసుకున్న గ్రంథంలో తేదీ తప్పితే ఆ తప్పు అక్కడితో ఆగదు, పాఠ్యపుస్తకాల్లోకి పాకుతుంది. షీరానీ విమర్శ కొన్ని చోట్ల కరుకుగా ఉందన్నది కాదనలేం. షిబ్లీ అప్పటికే లేడు, జవాబు చెప్పే వీలూ లేదు. అయినా షీరానీ చెయ్యి వేసింది సంవత్సరాలమీద, కర్తృత్వాలమీద, ఆధారాలమీద. కవిత్వంలో ఏది గొప్పదో చెప్పిన షిబ్లీ రసజ్ఞత మీద కాదు. ఈనాటికీ షేరుల్ అజమ్‌ను అందుకోసమే చదువుతారు. పక్కన షీరానీని పెట్టుకుని చదివితే నష్టమేమీ లేదు, లాభమే.

అమీర్ ఖుస్రో విషయంలో అభ్యంతరం ఇంకా సున్నితమైనది. ‘ఖాలిక్ బారీ’ అనే పద్య నిఘంటువును ఉత్తర హిందుస్థానంలో తరతరాల పిల్లలు, మన పిల్లలు అమరం వల్లించినట్టు, వల్లించారు. అరబ్బీ, ఫారసీ మాటలకు హిందవీ అర్థాలు చెప్పే చిన్న పుస్తకం. కర్త ఖుస్రో అని అందరి నమ్మకం. షీరానీ దాని రాతప్రతులను పరిశీలించి, అది జహంగీర్ కాలపు జియాఉద్దీన్ ఖుస్రో అనే మరొకరి రచన అని తేల్చి, ‘హిఫ్జుల్ లిసాన్’ పేరుతో 1944లో ప్రచురించాడు. చార్ దర్వేష్ కథలు కూడా ఖుస్రోవి కావన్నాడు. జబ్బుపడ్డ గురువు నిజాముద్దీన్ ఔలియాకు ఊరటగా ఖుస్రో వాటిని చెప్పాడన్న కథ ఎంత అందమైనదైనా నిలవదన్నాడు. ఖాలిక్ బారీ నిర్ణయాన్ని పూర్తిగా ఒప్పుకోని పండితులు ఉన్నారు, ఆ చర్చ నడవనివ్వండి. అసలు అభ్యంతరం వేరే. రెండు మతాలవాళ్లూ తమవాడనుకునే కవి ఖుస్రో. ఇంటి మాటల్లో ఆయన రాశాడనుకునేవన్నీ తీసేస్తే, ఆ ఉమ్మడి ఆస్తిని పోగొట్టుకోమా? పోగొట్టుకోమనే నా జవాబు. హిందవీలో పద్యాలు చెప్పి మిత్రులకు పంచానని ఖుస్రో తన దివాను పీఠికలో తానే చెప్పుకున్నాడు. 1318లో రాసిన ‘నుహ్ సిపిహ్ర్’లో ఈ దేశపు గాలినీ, పక్షులనీ, విద్యలనీ పొగుడుతూ ఇక్కడి భాషల జాబితా ఇచ్చాడు. ఆ జాబితాలో ‘తిలంగీ’ ఉంది. ఢిల్లీలో కూర్చున్న ఫారసీ కవి ఏడు వందల ఏళ్ల కిందట మన భాషను పేరు పెట్టి చెప్పాడు. 1309-10 నాటి ఓరుగల్లు ముట్టడిని వర్ణించిన ‘ఖజాయినుల్ ఫుతూహ్’ కూడా ఆయనదే, ప్రతాపరుద్రుడు అందులో ‘లద్దర్ దేవ్’గా కనిపిస్తాడు. రుజువున్న ఈ ఖుస్రో మన అల్మరాల్లో దుమ్ముపట్టి ఉంటే, రుజువులేని ఖుస్రో కోసం పోట్లాడుకుంటున్నాం. షీరానీ తీసివేతవల్ల మనం పోగొట్టుకున్నది తప్పుడు చిరునామా మాత్రమే.

చంద్‌బర్దాయి రాశాడని చెప్పే ‘పృథ్వీరాజ్ రాసో’ మీద ఆయన విమర్శకు మరో అనుమానం ఎదురైంది. హిందువుల వీరకావ్యాన్ని ఒక ముస్లిం పండితుడు కావాలని చిన్నబుచ్చాడని. ఇది నిలవదు. రాసో పన్నెండో శతాబ్దానిది కాదని మేవాడ్ ఆస్థాన పండితుడు కవిరాజ శ్యామల్‌దాస్ 1880లలోనే వాదించాడు. గౌరీశంకర్ ఓఝా అదే అన్నాడు. షీరానీ చేర్చింది తనకు పట్టున్న సాక్ష్యం. రాసోలోని అరబ్బీ, ఫారసీ మాటలు ఏ కాలపు దర్బారులో పుట్టాయో, వస్తువుల పేర్లు ఎప్పుడు వాడుకలోకొచ్చాయో చూపాడు. ఫిరదౌసికి పట్టిన గీటురాయినే చంద్‌బర్దాయికీ పట్టాడు. తన మతంవాళ్లు నెత్తిన పెట్టుకున్న గాథల మీదే ముందుగా కత్తి పెట్టినవాడిని పక్షపాతి అనడానికి నోరు రాదు.

ఆయన ఎప్పుడూ కరెక్టేనా అంటే, కాదు. 1928లో వచ్చిన ‘పంజాబ్ మే ఉర్దూ’ ఆయన పుస్తకాల్లోకెల్లా ప్రసిద్ధం. గజనీ పాలకుల కింద లాహోర్ నూట డెబ్బై ఏళ్లు ఉంది, అక్కడ కలిసిన భాషే సైన్యంతోపాటు ఢిల్లీకి వెళ్లి ఉర్దూ అయిందని అందులో సిద్ధాంతం. దానికి ఆయన తెచ్చిన బలమైన సాక్ష్యం మన దక్కనీ. హైదరాబాద్ వీధుల్లో ఈనాటికీ వినిపించే లోగాఁ, బాతాఁ అనే బహువచనాలు ఢిల్లీ, లక్నో ఉర్దూలో లేవు, పంజాబీలో ఉన్నాయి. పద్నాలుగో శతాబ్దంలో ఉత్తరం నుంచి దక్కనుకు తరలివచ్చినవాళ్లు తెచ్చిన పాత రూపం ఇక్కడ భద్రంగా మిగిలిందని ఆయన వాదన. ఊహ అద్భుతం. కానీ అవే రూపాలు ఢిల్లీ పక్కనే హరియాణవీలోనూ ఉన్నాయని మసూద్ హుసేన్ ఖాన్ 1940లలో చూపాడు. ఉర్దూకు ఊరు వెతకడానికి లాహోర్ దాకా పోనక్కర్లేదన్నాడు. నేడు ఎక్కువమంది అటే మొగ్గుతారు. తన పద్ధతితోనే తన సిద్ధాంతం కూడా పరీక్షకు నిలబడవలసి రావడం షీరానీకి ఓటమి అని నేననుకోను. పాత దక్కనీ ప్రతులను భాషాచరిత్రకు సాక్షులుగా కూర్చోబెట్టడం ఆయన చేసి చూపించిన పని. హైదరాబాదీ మాటను వెక్కిరింతకు వాడుకునేవాళ్లు దాన్ని ఒక్కసారి చదవాలి.

ఆయనకు నిజంగా నష్టం జరిగింది మరో చోట. ఫారసీ గురించి రాసినదంతా ఉర్దూలో రాశాడు. యూరప్ పండితులకు ఉర్దూ అవసరం లేదు, ఇరాన్ పండితులకు రాదు. యూసుఫ్-జులేఖా మీద ముందు పలికినవాడి పేరు అందువల్లే చాలాకాలం పాదసూచికల్లోకి కూడా రాలేదు. తీరిగ్గా కూర్చుని ఒక పెద్ద గ్రంథంగా కూర్చనూ లేదు, వ్యాసాలుగానే వదిలాడు. ‘ఫిర్దౌసీ పర్ చార్ మకాలే’ 1942లో గానీ పుస్తకం కాలేదు. 1940లో ఉద్యోగ విరమణ చేసి టోంక్ చేరి, 1946 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. ఏడాదిన్నరకు సరిహద్దు గీత పడింది. సమాధి రాజస్థాన్‌లో ఉంది. జీవితమంతా కూడబెట్టిన రాతప్రతులు ‘షీరానీ సేకరణ’గా లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. కొడుకు అఖ్తర్ షీరానీ ప్రేమకవిగా పేరుపొంది 1948లో లాహోర్‌లో పోయాడు. చెల్లాచెదురైన వ్యాసాలను మనవడు మజహర్ మహమూద్ షీరానీ ఏరి, అనేక సంపుటాలుగా అచ్చువేయించాడు. ఫిరదౌసి మీద రాసినవి 1970లలో కాబూల్‌లో, ఆ తర్వాత టెహ్రాన్‌లో ఫారసీలోకి వెళ్లాయి. ఈ రోజు ఏ దేశపు పండితుణ్ణి అడిగినా ఫిరదౌసి పేర చెప్పే కావ్యం షానామా ఒక్కటే.